నాలుగో భాగంలో గిలాసెడు నీళ్లు

ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి వరండాలో పడుచువాళ్లు కాసేపు కూర్చుంటారు. ఒక వారం వాళ్ల మధ్య గట్టి వాదన నడిచింది. విదేశాల్లో ఏళ్ల తరబడి వస్తున్న ఏదో అంతరిక్ష సినిమాల వరుసకు కొత్త దర్శకుడు వచ్చాడట. పాత భాగాలు తాను చూడలేదని, చూడాల్సిన పని కూడా లేదని అన్నాడట.

"కొత్త కండ్లతోని చూస్తడు, మంచిదే గద" అంది ఒక అమ్మాయి.

"పెండ్లికి ఆఖర్ల వచ్చి, పిల్లెవరు పిలగాడెవరు అని అడిగినట్టుంటది" అన్నాడు పక్కవాడు.

అందరూ నవ్వి, తీర్పు నన్ను చెప్పమన్నారు. ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ నడుపుతున్నదాన్ని, నాకు తడుముకోవాల్సిన పని లేకపోయింది. మా పాత పాస్టరు అయ్యగారు, ఒక్క వచనం మీద మాట్లాడాలన్నా ఆ గ్రంథం మొదటి నుంచి చివరిదాకా చదివి రమ్మనేవారు. చదవనివాణ్ణి ప్రసంగానికి నిలబడనిచ్చేవారు కాదు. "చూడకుండ తియ్యొద్దు" అని చెప్పి లేచాను.

ఆ మాటలో నా స్వార్థం కూడా కొంత ఉంది. మా ఇంట్లోనూ అలాంటి వరుస ఒకటి ఉంది మరి.

మా అమ్మాయి నల్గొండలో డిగ్రీ చదివే రోజుల్లో ఫోన్‌తో మూడు చిన్న సినిమాలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. వేరే గ్రహం నుంచి ఒకడు చిట్యాల దాపున మా ఊరి గుట్ట మీద దిగుతాడు. దాహంతో ఒక ముసలమ్మ ఇంటికొస్తాడు. ఆ ముసలమ్మ మా అత్తమ్మే. రెండో భాగంలో వాడికి జబ్బు చేస్తే ఆమె చూసుకుంటుంది. మూడో భాగంలో వాడి మనుషులు తీసుకుపోవడానికి వస్తారు, వాడు పోడు, ఈ నేల మీదే తిరుగుతానంటాడు. వాడి వెండిరంగు బట్టలు కారు మీద కప్పే గుడ్డతో మా ఆయన కుట్టాడు. ఆయన టైలరు. ముఖం కనపడకుండా పెద్ద హెల్మెట్ పెట్టాం. చూసినవాళ్లు వందల్లోనే ఉన్నా, మా చుట్టాల్లో చూడనివాళ్లు లేరు.

తర్వాత అమ్మాయికి కల్వకుర్తిలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. నాలుగో భాగం తీసే తీరిక దొరకలేదు. తనతో చదివిన అబ్బాయి ఒకడు నకిరేకల్‌లో పెళ్లి వీడియోల స్టూడియో పెట్టుకున్నాడు. వాళ్లది పాలమూరు వైపు నేతపని చేసే ఇల్లు. కథ చెప్పి, బాధ్యత అతనికి అప్పగించింది.

అతను మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజే అడిగాను, మూడు భాగాలూ చూశావా నాయనా అని.

"మొదటిది అటు ఇటు జరిపి చూసిన ఆంటీ. మొత్తం చూస్తే బుర్ర ఆమె తీసినట్టే తీస్తది. నా లెక్క నేను తియ్యాలె గద."

నాకు మండింది. ఆ వారమంతా కూర్చుని మూడు భాగాలనూ మళ్లీ చూశాను. గ్రహం పేరు, హెల్మెట్ మీది గీతలు, వాడు ఏ చేత్తో దండం పెడతాడు, అత్తమ్మ ఏ చీర ఎప్పుడు కట్టింది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసి అతని చేతిలో పెట్టాను. మర్యాదగానే తీసుకుని బండి ట్యాంకు కవరులో దూర్చాడు.

షూటింగు ఒక శనివారం పొద్దున మా వాకిట్లో మొదలైంది. చాలా ఏళ్ల తర్వాత ఆ గ్రహం మనిషి ముసలమ్మ ఇంటికి తిరిగొస్తాడు, ఆమె అతణ్ణి గుర్తుపట్టి నీళ్లివ్వాలి. మొదటి మూడు భాగాల్లో ఆ వేషం కట్టిన కుర్రాడే వెండి బట్టల్లో గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అవ్వా, గా గోలెంలకెళ్లి గిలాసెడు నీళ్లు ముంచి ఇయ్యి. అంతే" అన్నాడు మా కొత్త డైరెక్టరు, ఆ స్టూడియో అబ్బాయి.

అత్తమ్మ గిలాస పట్టుకుని వాకిట్లోని నీళ్ల తొట్టి, ఆ గోలెం దాకా పోయి ఆగింది. "గివి బోరు నీళ్లు బిడ్డా."

"కెమెరాల ఏ నీళ్లో కనవడయి అవ్వా."

"నీ కెమెరాకు కనవడకపోతే నాకు కనవడవా?"

"వేరే గ్రహం నుంచి వచ్చినోడు, ఆయనకు బోరు నీళ్లయితే ఏంది, నల్లా నీళ్లయితే ఏంది?"

"వేరే గ్రహపోనికి బొక్కలుండవా?"

హెల్మెట్‌లోంచి కుర్రాడి నవ్వు వినపడింది. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. వాళ్ల ఊళ్లో బావి నీళ్లు తియ్యగా ఉండేవట. ఆ గోలెం నీళ్లు మా పక్క ఏమిటో అతనికి తెలియదు. ఆ నీళ్లలోని ఫ్లోరైడుకు పళ్లు గోధుమరంగుకు తిరిగినవాళ్లు, అత్తమ్మ అన్న ఆ బొక్కలు, ఎముకలు పాడై మోకాళ్లు వంగిపోయినవాళ్లు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు. రాష్ట్రం వచ్చిన కొత్తలో కూడా తాగడానికి డబ్బా నీళ్లు కొనేవాళ్లం. నది నీళ్లు నల్లాలో వచ్చాక బోరును బట్టలకూ బర్రెలకూ వదిలేశాం. మొదటి భాగంలో అత్తమ్మ లోపలికి పోయి తాను తాగే డబ్బాలోంచి వంచుకొచ్చి ఆ మనిషికి ఇచ్చింది. అమ్మాయి ఆమెకు అలా చెప్పనే లేదు, నీళ్లియ్యమని మాత్రం చెప్పింది. నా నోటుబుక్కులో చీరల రంగులున్నాయి, ఈ సంగతి లేదు. రోజూ చేసే పని కాబట్టి నా కంటికి ఆనలేదు.

"మీ బాపు సగం నేసిన చీర ఉన్న మగ్గం మీద, ఎంత నేసిండో సూడకుంటనే కూసుంటవా?" అంది అత్తమ్మ.

"నాకు నేత రాదవ్వా. గందుకే కెమెరా వట్టిన."

"అయితే కూసో. ముందు నేసింది సూడు."

ఆమె గిలాసను బోర్లించి గడప మీద కూర్చుంది. ఎండ ఎక్కుతోంది. డైరెక్టరు చిరాకుగా వాచీ చూసుకుంటున్నాడు. ముసలామె మొండితనం అనుకుని, నేనే వంగి మెల్లగా నచ్చచెప్పబోయాను. ఉత్త నీళ్లే కదా అత్తమ్మా, అన్నాను.

ఆమె నా వైపు చూడకుండా అతనితోనే మాట్లాడింది.

"నా ముగ్గురు పిల్లలకు గా నీళ్లే తాపిన. తెల్వక తాపిన. ఏడిస్తే తాపిన, అన్నంల తాపిన. నా పెద్దకొడుకు ఎట్ల నడుస్తడో సూసినవా? నా చేతులతోని తాపిందే అది. సిన్మల ఒక్కసారి అన్న మంచిగిచ్చిన. గది గూడ చెడగొడ్తవా నాయినా?"

ఆమె పెద్దకొడుకు మా ఆయనే. ఆ ఇంటికి కోడలిగా వచ్చి పాతికేళ్లు దాటింది. ఎన్నో ఉపవాస ప్రార్థనల్లో ఆమె పక్కన మోకరించాను. ఆమె పెదాలు కదులుతుంటే అందరికోసం అడుగుతోందనుకున్నాను. ఈ మాట ఎన్నడూ నా చెవిన పడలేదు. పైగా మొదటి భాగంలోని ఆ దృశ్యాన్ని సండే స్కూల్ పిల్లలకు చూపించి, దప్పికతో వచ్చినవాడికి నీళ్లివ్వమని ప్రభువు ఎందుకు చెప్పాడో వివరించాను కూడా. పాఠం చెప్పాను కానీ ఆ నీళ్లు పోసిన మనిషిని చదవలేదు.

డైరెక్టరు కెమెరా స్టాండు మడిచాడు. పోతాడేమోననుకున్నాం. వచ్చి అత్తమ్మ పక్కన గడప మీద కూర్చున్నాడు. "అవ్వా, నాతోని కలిసి చూస్తవా?" అని ఫోన్ తీశాడు.

మూడు భాగాలూ చూశారు. అత్తమ్మ ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. గిక్కడ నాకు దగ్గొచ్చింది, గిక్కడ కోడి అడ్డమొచ్చింది అని. ఒకచోట అతను ఆపి వెనక్కి జరిపాడు. వాడి మనుషులు పోయాక వాడొక్కడే గుట్ట దిగి నడిచిపోయే చోటు అది.

"ఆంటీ, ఇన్నేండ్లు వీడు మన నేల మీదనే తిరిగిండు గద?"

"అవును."

"మరి ఏం నీళ్లు తాగిండు?"

అతను లేచి లోపల కుట్టుమిషన్ దగ్గరున్న మా ఆయన దగ్గరికి పోయాడు. వాళ్ల మాటలు నాకు వినపడుతున్నాయి.

"అంకుల్, గీసారి ఆ బట్టలు మీరు ఏసుకోవాలె."

"నేనా? నా నడక సూసినవా? వాడు నిటారుగ నడుస్తడు గద."

"గప్పుడు నడిచిండు. ఇన్నేండ్లు మన బోర్ల నీళ్లు తాగినంక ఎట్ల నడుస్తడు?"

మిషన్ ఆగింది. పళ్లు కనపడతాయని మా ఆయన ఫోటోల్లో నోరు తెరవడు. పెళ్లి ఫోటోలో కూడా పెదాలు బిగించుకునే ఉన్నాడు. "మొఖం కనవడది గద?" అన్నాడు.

"హెల్మెట్ ఉంటది. తాగేటప్పుడు కొంచెం పైకి లేపాలె. నేను వెనకకెళ్లి తీస్త."

నేను అడ్డుపడబోయాను. మూడు భాగాల్లో వాడి నడక అలా లేదని, చూసినవాళ్లు తప్పు పడతారని నోటిదాకా వచ్చింది. నోటుబుక్కులో అది పన్నెండో పాయింటు. ఆగిపోయాను. ఆ వరుసను చూడనన్నవాడు ఒక్క పూటలో, నేను అన్నిసార్లు చూసినా పోలేని చోటికి పోయాడు. చూడకుండా ఉంటే అతనికీ ఆ దారి దొరికేది కాదు.

మా ఆయన తాను కుట్టిన బట్టలను తన కొలతకు వదులు చేసుకున్నాడు. మరుసటి ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాం. వెండిరంగు మనిషి వంగిన మోకాళ్లతో వాకిలి దాటి మెల్లగా నడిచి వచ్చాడు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. గుర్తుపట్టడానికి కాసేపు తటపటాయించాలని ఆమెకు చెప్పి ఉంచారు. ఆమె తటపటాయించలేదు. లోపలికి పోయి నల్లా నీళ్ల బిందెలోంచి గిలాస నింపుకొచ్చి, రెండు చేతులతో అందించింది.

ఆయన హెల్మెట్ లేపి తాగాడు. నీళ్లు గడ్డం మీద కారితే ఆమె కొంగుతో తుడిచింది.

"ఇంకింత తాగు బిడ్డా" అంది. ఆ మాట కథలో లేదు.

ఆయన ఖాళీ గిలాసను ఆమెకు తిరిగి ఇచ్చాడు. డైరెక్టరు కెమెరా ఆపలేదు. అత్తమ్మ మళ్లీ నింపుకు రావడానికి లోపలికి పోయింది.