ఐదింటికే మూసిన మార్కెట్, మా రాజన్న

నిన్న తెల్లారుతుండగా డిండోలి నుంచి వదిన ఫోన్. "తమ్మీ, మీ అన్న పోయిండు."

"ఏ అన్న?" అన్నాను.

సూరత్‌లో నాకున్నది ఒక్కడే అన్న.

సర్టిఫికెట్‌లో కరోనా అని రాశారు. రాసుకోనీ.

రాజన్నది సిరిసిల్ల వైపు. ఇక్కడ ఖటోదరాలో లూమ్స్ సూపర్‌వైజర్. నేను హజీరాలో ఇంజినీర్‌ని. పదేళ్ల కింద ట్రైన్‌లో ముఖపరిచయం కూడా లేకుండా తన డబ్బాలోని రొట్టెలో సగం నా చేతిలో పెట్టాడు. అంతే, అన్న అయిపోయాడు.

ఎప్పటికైనా సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకుని బట్ట నేయించాలని ఆయన కోరిక.

పోయినేడు లాక్‌డౌన్‌లో మిల్లు బంద్. ఫోన్‌లో క్రూడాయిల్ ఫ్యూచర్స్ మొదలుపెట్టాడు, రేటు పెరుగుతుందని ముందే కొనిపెట్టుకునే ఆట. నేర్పింది నేనే.

మామూలుగా ఆ మార్కెట్ రాత్రి పదకొండు దాటేదాకా నడుస్తుంది. అమెరికా మార్కెట్ ఊపందుకునేది మనకు సాయంత్రమయ్యాకే కదా. లాక్‌డౌన్ అని మనవాళ్లు ఐదింటికే షట్టర్ దించారు. అమెరికావాళ్లు దించలేదు.

ఆ రోజు ఆయన కొన్న కాంట్రాక్ట్‌కు ఆఖరి రోజు. రేటు పడుతూనే ఉంది. నాలుగున్నరకు ఫోన్ చేశాడు.

"అమ్మెయ్యనా తమ్మీ?"

"ఐదు దాకా చూడన్నా. బంద్ అయ్యేటప్పుడు ఏ రేటుంటే అదే ఫైనల్."

"అంతే గదా. షిఫ్ట్ బెల్లు కొట్టినంక మీటర్ తిరుగది."

లూమ్ మనిషికి అదే లెక్క. బెల్లు కొట్టేసరికి మీటర్‌లో ఎంత బట్ట ఉంటే అంతే.

కానీ లెక్క తేల్చేది ఆ రాత్రి అమెరికా రేటుతో. కాంట్రాక్ట్ రూల్స్‌లో రాసే ఉందట. బీటెక్ చదివిన నేను అది చదవలేదు. మన మార్కెట్ మూసి ఉండగా అక్కడ రేటు సున్నా దాటి కిందికి పోయింది. అమ్ముకుని బయటపడదామంటే దారి లేదు.

పొద్దున్నే ఫోన్. "సున్న కంటె కింద రేటేందిరా? నూనె తీస్కపొమ్మని ఎదురు పైసలిస్తరా?"

అచ్చంగా అదే అన్నా.

సాంచాలకు దాచిందంతా పోయింది, పైన బ్రోకర్ బాకీ. అందుకే ఈసారి జ్వరంతో కూడా షిఫ్ట్ మానలేదు. "జర దగ్గు తమ్మీ, గింతదానికి ఇంట్ల కూసుంటనా" అన్నాడు పోయిన వారం.

నిన్న శ్మశానంలో టోకెన్ తీసుకుని ఏడు గంటలు కూర్చున్నాం. దానికి మాత్రం టైమింగ్స్ లేవు. రాత్రీ పగలూ నడుస్తోంది.

మేమక్కడ ఉండగానే బ్రోకర్ తన వాట్సాప్ గ్రూప్‌లో దండం బొమ్మ పెట్టాడు. రెండు నిమిషాలకు దాని కిందే "ఈరోజు క్రూడ్ టార్గెట్". థూ.

వాణ్ణి చూస్తే రోత. పేదోడి చేతికి ఆట ఇచ్చి, మధ్యలో తలుపేసి, బయట మాత్రం ఆట నడిపించినవాళ్లను చూస్తే రోత.

అందరికంటే ఎక్కువ, "ఐదు దాకా చూడన్నా" అన్న నా నోరంటే రోత.

వదినకు ఆ మాట తెలియదు. "నా బుద్ధే గడ్డి తిన్నది" అని చెప్పాడట ఆమెతో. ఏడాదంతా నా పేరు ఎత్తలేదు. నిన్న కూడా ఆమె అంత ఏడుపులో నాకు చాయ్ పోసి ఇచ్చింది. తాగాను.

వదినా, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను.

బెల్లు కొట్టిందన్నా. ఇక నీ మీటర్ ఎవరూ తిప్పలేరు. నెమ్మదిగా పడుకో.