చావింట్లో పొయ్యి వెలిగిన రోజు

జనగామ నుంచి పోస్టుకార్డు నా చేతికి వచ్చేసరికి పెద్దమ్మ పోయి నాలుగు రోజులైంది. కార్డు మీద ఆమె కొడుకు రాసినవి మూడే మాటలు. "అమ్మ సోమవారం పొద్దున పోయింది. ఎక్కువ బాధ పడలేదు. దినాలకు రాగలవు." సోమవారం పొద్దున నేను ఇక్కడ మానుకోటలో, మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పక్కామెతో ఏదో మాట్లాడి నవ్వాను కూడా.

కార్డు చదవగానే నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఏళ్ళుగా దాచుకున్న మాట ఒకటి ఇంక ఆమెకు చెప్పవలసిన పని తప్పిందన్న తేలిక వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆ తేలికే నన్ను కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. జనగామ బజారు వెనక వీధిలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ పక్కపక్కన ఉండేవి. పెరళ్ళ మధ్య ఛాతీ ఎత్తు గోడ. రఘునాథపల్లి దగ్గర పొలాలుండేవి మాకు. మా చదువుల కోసం బాపు జనగామకు మకాం మార్చాడు. వాళ్ళు తరాలుగా కిరాణా వ్యాపారం చేసేవాళ్ళు. మాంసం ముట్టరు. మేము తింటాం. ఈ తేడా నా కథలో తర్వాత పనికొస్తుంది కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. వీధంతా ఆమెను దుకాణం పెద్దమ్మ అనేది. మాకు మాత్రం పెద్దమ్మే.

మా వైపు ఒక ఆచారం ఉంది. మనిషి పోయిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. దహనం అయ్యి, స్నానాలు చేసి వచ్చినవాళ్ళకు ఇరుగుపొరుగువాళ్ళు అన్నం వండి తెస్తారు. తేకపోతే మాట పడేది ఆ ఇల్లు కాదు, ఆ వాడ. మా వాడకు ఆ మాట ఎన్నడూ రాలేదు. ఎందుకంటే మా వాడలో పెద్దమ్మ ఉండేది.

ఆమెకు ఎవరూ కబురు పెట్టేవాళ్ళు కారు. ఏడుపు వినిపిస్తే చాలు, ముందు ఒకసారి ఆ ఇంటి ముందు నుంచి నడిచి వచ్చేది. గడపలో విడిచిన చెప్పుల జతలు చూసుకుని, ఎంతమందికో ఆ లెక్కన ఎసరు పెట్టేది. అన్నం, తాళింపు వెయ్యని పప్పు, పచ్చిపులుసు. వండిన పెద్ద గిన్నె, మా వైపు గంజు అంటాం, నెత్తిన పెట్టుకుని వెనక వాకిలి నుంచి లోపలికి పోయేది. ఆ ఇంట్లో ఆమె ఏడవగా నేను చూడలేదు. ఒకసారి అడిగితే, "ఏడ్సుటానికి ఊరంత వస్తది బిడ్డా. తినిపిచ్చెటోళ్ళు సుత ఒకలుండాలె గద" అంది. అందరి తిండి అయ్యాక గిన్నెలు తానే కడుక్కుని తెచ్చుకునేది. ఆ ఇంటివాళ్ళకు ఆ పని కూడా పెట్టేది కాదు. వీధి చివర బట్టలుతికేవాళ్ళ ఇంట్లో ముసలాయన పోయినప్పుడూ అలాగే వెళ్ళింది. ఆ ఇంటికా అని పెద్దమ్మ చుట్టాలు నొచ్చుకున్నారు. ఆమె వాళ్ళతో వాదించలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది, అంతే.

పెద్దనాయన, అంటే ఆమె భర్త, అరుగు మీద నుంచి సణిగేవాడు. "ఊర్ల సావులన్ని మన పొయ్యి మీదికే వస్తున్నయి."

"మరి మీ దుకాణం మీదికి రమ్మంటరా? కొలువుండ్రి, ఇంకొక మానెడు."

ఆయన సణుగుతూనే బియ్యం కొలిచేవాడు. మానెడు అంటే మానెడున్నర పోసేవాడు.

అరవై తొమ్మిదిలో మా బాపు పోయాడు. తెలంగాణ ఉద్యమంలో యూనివర్సిటీ మూసేస్తే నేను హైదరాబాదు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి ఉన్నాను. బస్సులు లేవు, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలియదు. చిట్యాలలో మేనమామకు కబురు పోయిందో లేదో కూడా తెలియదు. బాపును వాడవాళ్ళే మోశారు. ఆ రోజు పూర్తి బంద్. మూలమలుపు దగ్గర కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి కూర్చున్నారు. అంత గంజు పెరటి గోడ మీదుగా దించలేరు, మా వెనక వాకిలికి రావాలంటే ఆ మలుపు తిరిగే రావాలి. గంజు నెత్తిన పెట్టుకుని పెద్దమ్మ వాళ్ళ ముందుకు వచ్చింది.

"పెద్దమ్మా, ఇయ్యాల బంద్. ఏడికి?"

"బంద్ దుకాణాలకురా, కడుపులకు గాదు. జరుగు."

"జై తెలంగాణ అను, పోనిస్తం."

"నెత్తి కాలుతున్నదిరా సచ్చినోడా! ముందు ఈ గంజు వట్టుకో, గప్పుడు ఇద్దరం కలిసి అందాం."

వాళ్ళు నవ్వి రాళ్ళు పక్కకు జరిపారట. ఆ నవ్వు మా ఇంట్లోకి వినిపించింది. బాపు పోయిన రోజు ఎవరో నవ్వుతున్నారని నాకు ఒళ్ళు మండింది. నేను తిననన్నాను. రెండోసారీ తిననన్నాను. ఆమె బతిమాలలేదు. నా ఎదురుగా కూర్చుని ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది.

"తిని ఏడువు బిడ్డా. ఉత్త కడుపుతోని ఏడిస్తె కండ్లు తిరిగి పడిపోతవు. మల్ల మీ అమ్మ నిన్ను జూసుకోవాల్నా, తన దుక్కం జూసుకోవాల్నా?"

తిన్నాను. ఆ పచ్చిపులుసు రుచి ఇప్పటికీ తెలుసు. మూడో రోజు చిట్యాల నుంచి బండ్లు కట్టుకుని చుట్టాలు వచ్చేదాకా మూడు పూటలూ ఆమే తెచ్చింది.

చదువుకున్నదాన్ని కదా, తర్వాత్తర్వాత నాకు ఆమె మీద ప్రశ్నలు పుట్టాయి. ఇది దయేనా, అలవాటా? పరలోకం కోసం చేసే పనా? ఒక సెలవుల్లో అడిగేశాను. "పుణ్యం కోసం చేస్తున్నవా పెద్దమ్మా?"

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. "పుణ్యమా? ఏమో బిడ్డా. ఎసరు మరిగినంక బియ్యం పొయ్యకుంట ఎట్లుంటం?" అని ఒక వడ్ల మెరిక తీసి పారేసింది. నాకు అది జవాబులా తోచలేదు. నాకు జవాబులు వేరే రకంగా ఉండాలి అప్పట్లో.

ఇక నా సంగతి.

బాపు పోయిన తొమ్మిదేళ్ళకు, ఎండాకాలం సెలవుల్లో, పెద్దనాయన పోయాడు. అమ్మ చిట్యాలలో మామ దగ్గర ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే. తెల్లవారుతూనే గోడ అవతల ఏడుపు వినిపించింది. వెళ్ళి కూర్చుని వచ్చాను. వస్తూ వస్తూ గడపలో చెప్పులు చూసుకున్నాను, ఆమెలాగే. ఇంటికొచ్చి పొయ్యి ముట్టించాను. మా పెద్ద గంజులో అన్నం, వేరే గిన్నెలో తాళింపు లేని పప్పు, పచ్చిపులుసు. నాకు ఎవరూ చెప్పలేదు. చెయ్యాలనిపించింది, చేశాను. అంతవరకూ నేను మంచిదాన్నే.

అన్నం దించి మూత పెట్టాక సందేహం మొదలైంది. ఆ గంజులో మొన్ననే మేక కూర వండాను. ఎంత తోమినా అదే గంజు. చిల్పూర్ నుంచి వాళ్ళ పెద్దవాళ్ళు దిగారు, నిష్ఠగా ఉండేవాళ్ళు. మా ఇంటి అన్నం ముట్టుకుంటారా? దుఃఖంలో ఉన్న ఇంటికి పోయి వాళ్ళకు కొత్త ఇబ్బంది తెచ్చిపెట్టడం మర్యాదేనా? బజారులో వాళ్ళ కులంవాళ్ళ ఇళ్ళు పది ఉన్నాయి, ఎవరో ఒకరు తేకుండా ఉంటారా? ఇలా ఒక్కొక్క ప్రశ్నా ఎంత తెలివిగా వచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూసుకుంటే తెలిసింది, వాటి అడుగున ఉన్నది ఒక్కటే: నలుగురి ముందు "మీ ఇంటిది మేం తినం" అని ఎవరైనా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్న భయం. వాళ్ళ ఆచారం మీద గౌరవం అని నేను పేరు పెట్టుకున్నది దానికే.

మూత తీయలేదు. గంజు పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక వెళ్దామనుకున్నాను. స్మశానం నుంచి మగవాళ్ళు వచ్చిన చప్పుడు, నీళ్ళు తోడిన చప్పుడు విన్నాను. ఇంకాసేపయ్యాక అనుకున్నాను.

మూడు గంటల వేళ పెరట్లోకి వెళ్తే, వాళ్ళ వంటింటి పెంకుల మీద నుంచి పొగ లేస్తోంది.

తర్వాత తెలిసింది, బజారు ఇళ్ళవాళ్ళు "పక్కింటోళ్ళున్నరు గద" అనుకున్నారట. ఎదురింటివాళ్ళు "వాళ్ళోళ్ళు తెస్తరు" అనుకున్నారట. అసలు చావింటికి అన్నం గురించి మా వాడలో ఎవరికీ ఆలోచించే అలవాటే లేదు. ఆ పని చేసే మనిషి ఆ రోజు మూల కూర్చుని ఉంది. ఆ మూల నుంచి లేచి, తన భర్త పోయిన రోజు, చుట్టాలకు తానే వండిపెట్టింది.

నా అన్నం సాయంత్రం పాలవాళ్ళ గేదెల కుడితిలో పోశాను. ఎవరూ చూడకుండా పోశాను.

ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా గోడ మీద నుంచి మామిడికాయ తొక్కు అందించింది, కొన్నేళ్ళకు సెలవుల్లో నా పిల్లవాడికి జ్వరమొస్తే చూడటానికి వచ్చింది. అననందుకే నాకు కష్టంగా ఉండేది. ఒక్క మాట దెప్పితే నేనూ ఒక మాట చెప్పుకునేదాన్ని. మా అమ్మ పోయినప్పుడు, అప్పటికి ఆమెకు మోకాళ్ళు పట్టేసి నడక కష్టమైంది, గంజు కోడలి నెత్తిన పెట్టించి తాను గోడలు పట్టుకుంటూ వచ్చింది. ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది. నాకు ఆ మాట గొంతుదాకా వచ్చింది.

"పెద్దమ్మా, పెద్దనాయన పోయిన నాడు..."

"బువ్వ నోట్లె వెట్టుకోని ముచ్చట వెట్టకు, గొంతుల కొర్రాయి వడుతది. మింగు ముందు."

మింగాను. అన్నంతో పాటు మాట కూడా. తర్వాత ప్రతి సెలవుల్లోనూ చెబుదామనుకున్నాను. ఆమె కళ్ళు మసకబారాయి, చెవులు మందగించాయి. అంత గట్టిగా అరిచి చెప్పే మాటా ఇది అని మళ్ళీ ఒక సాకు దొరికింది నాకు.

కార్డు వచ్చిన మర్నాడు చీకటితోనే లేచి వండాను. అదే వంట. ప్యాసింజరు రైల్లో గిన్నెల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదుటావిడ అడిగింది, "బిడ్డకు శ్రీమంతమా అమ్మా? వాసన కమ్మగున్నది." కాదన్నాను. మరేమిటని అడగలేదు, నా మొహం చూసి.

ఐదో రోజున చావింటికి అన్నం ఎవరు తెస్తారు? ఆ ఇంట్లో రోజూ వండుకుంటూనే ఉన్నారు. అయినా పెద్దమ్మ కోడలు మూట విప్పి చూసి, నన్నో మాట అడగకుండా, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. నేను వడ్డించాను. "మా ఇంట్ల గిన్నెలు వదినె" అన్నాను.

"అయితేంది? తెలువదా మాకు?" అని పప్పు కలుపుకుంది. రెండు ముద్దలు తిన్నాక, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"మామ పోయిన నాడు గుడ అత్తమ్మ నీ అన్నం కోసమే జూసింది వదినె. నీకెర్కేనా? చిల్పూరు చిన్నత్త పొయ్యి ముట్టిస్త అంటె వద్దన్నది. 'ఆగుండ్రి, ఆ ఇంట్ల పొగ లేస్తున్నది. బిడ్డ వండుతున్నది, తెస్తది' అన్నది. 'వాళ్ళింట్లది మనం తింటమా?' అన్నది చిన్నత్త. 'తినకుంటె మీరు తినకుండ్రి, నేనైతె తింట' అన్నది."

నేను ఆమెకు ఇంకో గంటెడు అన్నం వేశాను.

"తానం చేసొచ్చి, చీర గుడ మార్చుకోలే, పెరట్ల నిలవడ్డది. మూడుసార్లు పోయి జూసొచ్చింది. ఇగ మీ దిక్కు పొగ ఆగిపాయె. గప్పుడొచ్చి ముట్టిచ్చింది పొయ్యి. నీకేం పనివడ్డదో ఏమొ అనుకున్నం... జర పులుసు వొయ్యి వదినె."

పోశాను. ఇప్పుడు నాకు కళ్ళు మూసుకుంటే కనిపించేది గంజు నెత్తిన పెట్టుకుని వచ్చే పెద్దమ్మ కాదు. తడి చీర కొంగు నుంచి నీళ్ళు కారుతుంటే, గోడ మీద రెండు చేతులూ ఆనించి, మా వంటింటి పైన పొగ సన్నబడటం చూస్తూ నిలబడి ఉంది. పొగ ఆగిపోయింది. అన్నం దించినట్టుంది, ఇంక తెస్తుంది అనుకుని, ఇంకా కాసేపు నిలబడింది.