జకరయ్య గారి బల్ల మీది యుద్ధం

మా వీధి మలుపులో కొత్తగా కట్టిన ఇంటి గేటుకు మొన్న రంగు వేశారు. భవానీపురం ఎండకు ఆ రంగు వాసన, టర్పెంటైను వాసన కలిసి మా వాకిట్లోకి వచ్చాయి. పడుకున్నదాన్ని లేచి కూర్చున్నాను. మా చెల్లెలి కూతురు "తలనొప్పా పెద్దమ్మా, కిటికీ వెయ్యనా?" అంది. వద్దన్నాను. ఆ వాసన తగిలితే చాలు, గవర్నరుపేటలో ఒక పాత పెంకుటిల్లు, దాని ముందుగది, ఆ గదిలో తలుపు చెక్కంత బల్ల నా కళ్ల ముందు నిలబడతాయి. బల్ల మీద ఇసుక, ఇసుక మీద బొటనవేలంత సీసం సిపాయిలు. వాటి వెనక కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని జకరయ్య గారు. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయన్ని ఎరిగినవాళ్లలో నాకు తెలిసి మిగిలింది నేనొక్కదాన్నే. మంచీ చెబుతాను, చెడ్డా చెబుతాను. అందులో నా చెడ్డ కూడా ఉంది.

మాది పెడన. నేతపని వాళ్లం. యుద్ధం వచ్చిన రెండో మూడో ఏటికి నూలు దొరకడం మానేసింది. మగ్గం గుంటలో సాలీడు గూడు పెట్టింది. ఇంట్లో మిగిలిన ఆఖరి నూలుకు నేను రంగు అద్దాను, మా ఆయన దానితో ఒక దుప్పటి నేశాడు. అది భుజాన వేసుకుని పట్టాళం కూలికి వెళ్లిపోయాడు. అస్సాం వైపు రోడ్లు వెయ్యడానికి. తుపాకీ పని కాదు, గడ్డపలుగు పని. "దీన్ని పోగొట్టకుండా తెస్తాలేవే, మళ్లీ నూలెప్పుడొస్తుందో" అన్నాడు రైలెక్కుతూ. నేనూ మా అత్తా బెజవాడలో చుట్టాల పంచన చేరాం. నేను జకరయ్య గారింట్లో పాచిపనికి కుదిరాను. "కిరస్తానం వాళ్ల ఇంట్లో అంట్లు తోముతావుటే" అని మా అత్త రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు ఆయన పంపిన నూకలు వండుకు తింది.

జకరయ్య గారు మొదటి పెద్ద యుద్ధంలో మద్రాసు పట్టాళంతో బస్రా దాకా వెళ్లివచ్చిన హవల్దారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకున్నదల్లా ఆ సిపాయిలే. దొరలు సీమకు వెళ్లిపోతూ అమ్మేసినవీ, మద్రాసు పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చినవీ కలిపి మూడు పెట్టెలు నిండాయి. పాత రంగు గీకేసి, ఏ పట్టాళానికి ఏ కోటు రంగో చూసుకుని మళ్లీ వేసేవారు. ఆదివారం గుడి నుంచి రాగానే ఆయన స్నేహితుడు, పింఛను పుచ్చుకున్న రైల్వే గార్డు ఫ్రాన్సిస్ గారు వచ్చేవారు. ఇద్దరూ చెరొక సైన్యాన్ని బల్ల మీద నిలబెట్టి, స్కేలుబద్దతో అడుగులు కొలిచి, పాచికలు వేసి ఎవడు పడ్డాడో ఎవడు నిలిచాడో తేల్చుకునేవారు. ఒక్కో యుద్ధం నాలుగు ఆదివారాలు సాగేది. ముసలివాళ్లకు ఇదేం పిచ్చి అనుకునేదాన్ని.

నేను చేరిన మూడో వారం. సోమవారం ఊడుస్తూ చూస్తే బల్ల మీద సగంమంది సిపాయిలు బోర్లా పడి ఉన్నారు. పిల్లి తొక్కి ఉంటుందనుకున్నాను. ఒక్కొక్కణ్నీ తుడిచి, వరసలు కట్టి, అందరినీ నిలబెట్టాను. మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను. ఆయన వారమంతా ఆ బల్ల జోలికి వెళ్లరు, ఆట ఆదివారమే. ఆదివారం ఫ్రాన్సిస్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటి జకరయ్యా, నేను చంపినవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఈస్టరు ఇంకా రాలేదే."

జకరయ్య గారు నన్ను పిలిచారు. "నువ్వేనా?"

"పిల్లి పడేసిందనుకున్నానండీ."

"పడినవాళ్లంటే చచ్చిపోయినవాళ్లమ్మా. మూడు ఆదివారాల యుద్ధం."

ఫ్రాన్సిస్ గారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఈయన నవ్వలేదు. నా పని ఊడిందనుకున్నాను. ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, "వీళ్లను ఎలా విడదీశావు? ఈ ఎర్రకోట్లవాళ్లు మూడు పట్టాళాల వాళ్లు. ఫ్రాన్సిసుకు ఇరవై ఏళ్లుగా తెలీదు" అన్నారు.

"మూడు వేరు వేరు ఎరుపులు కదండీ" అన్నాను. "అద్దకం చేసే ఇంటిదాన్ని."

మర్నాడు అంట్లు తోమి వెళ్లబోతుంటే కూర్చోమన్నారు. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచె చేతికిచ్చారు. దాని మొన సూది మొనకంటే సన్నం. నా జన్మలో నన్ను ఒకరు కూర్చోబెట్టి ఏదన్నా నేర్పడం అదే మొదలు. మగ్గం పని చూసి నేర్చుకున్నాను, వంట తిట్లు తిని నేర్చుకున్నాను. ఈయన తిట్టేవారు కాదు. "ఊపిరి బిగపట్టకు రత్నం, చెయ్యి వణుకుతుంది. వదిలేసి, ఖాళీ అయ్యాక గీత గియ్యి" అనేవారు. కన్ను ఆఖర్న వెయ్యాలి. "చుక్క పెట్టేముందు వాడు ఎటు చూస్తున్నాడో తేల్చుకో. పెట్టాక మార్చలేవు." గుండీ తప్పు రంగు వేస్తే, వాడిక ఏ పట్టాళానికీ చెందడని మళ్లీ గీకించేవారు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి చేతుల మీద పడుతుండగా మేమిద్దరం మాట్లాడకుండా రంగులు వేసేవాళ్లం. బొమ్మల కొట్లకు రంగులు వేసి ఆ తరువాత ముప్పై ఏళ్లు బతికానంటే, ఆ మధ్యాహ్నాలే నాకు కూడు పెట్టాయి. అది ఆయన పెట్టిన భిక్ష. కాదనను.

వానాకాలం మొదట్లో సర్కారు కాగితం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. నేను సంతకం కూడా రానిదాన్ని. మా అత్తను వెంటబెట్టుకుని ఆయన దగ్గరకే తీసుకెళ్లాను. ఆయన చదువుకున్నారు. మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు. కళ్లజోడు తీసి తుడిచారు.

"వంతెన దగ్గర బాంబు పడిందమ్మా. పక్కవాణ్ని లాగబోయి మీ ఆయన పోయాడు. బాధపడలేదు. ఒక్క క్షణంలో అయిపోయింది."

మా అత్త గుండెలు బాదుకుంది. నేనేం చేశానో నాకు గుర్తులేదు. కానీ అంత ఏడుపులోనూ ఒకటి తోచింది, ఆ కాగితం మీద రాత చారెడు ఉంది, ఆయన చెప్పింది చిటికెడు. పెద్దాయన్ని ఏమని అడుగుతాను? కొన్నాళ్లయ్యాక దుప్పటి సంగతి అడిగాను. మా ఆయన సామాన్లు పంపిస్తారా అండీ అని. "వస్తాయి రత్నం. యుద్ధం కదా, ఆలస్యం అవుతుంది" అన్నారు, కుంచె రంగులో ముంచుతూ, నా వైపు చూడకుండా. అప్పటి నుంచి మూడేళ్లు ఎదురు చూశాను. నెలకోసారి స్టేషనుకు పోయి పార్సిలు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడేదాన్ని. అక్కడి గుమాస్తా నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేవాడు. మా అత్త మాత్రం వీధిలో తల ఎత్తుకు తిరిగింది. "మావాడు మంచాన పడి చావలేదు, మనిషిని కాపాడబోయి పోయాడు" అని నీళ్ల పంపు దగ్గర చెప్పేది. ఆ మాట మీదే ఆమె బతికింది.

యుద్ధం అయిపోయాక పెడన కుర్రాడు సాంబయ్య తిరిగొచ్చాడు. మా ఆయనతో ఒకే గుంపులో పనిచేసినవాడు. పలకరించడానికి మా ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు. మా అత్త వాడికి మజ్జిగ ఇచ్చి, ఆ బాంబు ఎలా పడిందో చెప్పరా అంది.

"ఏ బాంబు పిన్నీ?" అన్నాడు వాడు. "మేం బాంబు మొహమే చూడలేదు. రక్త విరేచనాలు. మా డేరాలో పదకొండు మంది పోయారు. అన్న ఐదు రోజులు పడ్డాడు."

"బాధపడలేదన్నారే" అంది మా అత్త.

సాంబయ్య నా వంక చూశాడు. నేను చెప్పమన్నాను.

"నీళ్లడిగేవాడు. ఇవ్వొద్దన్నారు."

"దుప్పటి?" అన్నాను.

"అన్నీ తగలబెట్టేశారొదినా. గుడ్డపీలిక ఉంచలేదు, అంటుజాడ్యమని. కాగితంలో రాసి పంపారుగా."

మా అత్త మజ్జిగ గ్లాసు ఎత్తి లోపలికి పోయింది. ఆ తరువాత ఆమె నీళ్ల పంపుకు వెళ్లలేదు. ఆర్నెల్లు బతికింది, ఆ ఆర్నెల్లూ నాతో పొడిపొడిగానే మాట్లాడింది. నేనే ఆమెచేత అబద్ధం చెప్పించానన్నట్టు చూసేది.

సాంబయ్య వచ్చిన పూటే నేను కాగితం పట్టుకుని జకరయ్య గారి దగ్గరకు వెళ్లాను. ఆయన కళ్లకు భూతద్దం పెట్టుకుని ఒక సీసం గుర్రానికి జీను రంగు వేస్తున్నారు. కాగితం తీసి ఇసుక మీద పెట్టాను. ఇద్దరు ముగ్గురు సిపాయిలు పడిపోయారు.

"మళ్లీ చదవండి."

"రత్నం, కూర్చో."

"కూర్చోను. అందులో ఎన్ని వరసలున్నాయో అన్నీ చదవండి. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి."

చదివారు. రోగం పేరు ఉంది. ఆసుపత్రి డేరా నంబరు ఉంది. మృతుడి బట్టలు, పక్క కాల్చివేయడమైనది అని ఉంది. ఆ మాట చదివి ఆయన భూతద్దం తీసి పక్కన పెట్టారు. నాకు జాలి కలగలేదు.

"బస్రాలో మా కంపెనీలో తెలుగు రాయగలవాణ్ని నేనొక్కణ్నే" అన్నారు. "పోయినవాళ్ల ఇళ్లకు ఉత్తరాలు నేనే రాసేవాణ్ని. తూటాకు పోయినవాళ్లు పదిమందైతే కడుపు జాడ్యంతో పోయినవాళ్లు పాతిక. అందరికీ తూటా అనే రాశాను. తల్లులు కదా, ఆ మాటన్నా మిగలనీ అనుకున్నాను. ఈ బల్ల మీద చూడు. రోగంతో పడినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?"

"మీ సిపాయిలకు ఎదురుచూసేవాళ్లు లేరండీ" అన్నాను. "నేను మూడేళ్లు పార్సిలు కిటికీ దగ్గర నిలబడ్డాను. అది బూడిదైందని మీకు తెలుసు. తెలిసి నా చేతికి కుంచె ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు."

నేను పని మానేశాను. నెల గడిచింది, ఇంట్లో గింజలు అయిపోయాయి, మళ్లీ వెళ్లాను. రోషం పొయ్యి మీద ఉడకదు. వెళ్లేసరికి ఆయన ఒక సిపాయి చేతిలో తుపాకీని ఆకురాయితో అరగదీసి, టోపీ తీసేసి, తాటాకు ముక్క మీద వాణ్ని పడుకోబెట్టి ఉంచారు. "వీడికి రంగు నువ్వే వెయ్యాలి. దుప్పటి ఏ రంగో నాకు తెలీదు" అన్నారు. నేను చెప్పనన్నాను. ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. వాడు అలాగే వట్టి సీసంగా ఉండిపోయాడు.

ఆ ఆదివారం ఫ్రాన్సిస్ గారు వాణ్ని చూసి, "వీడెవడు? తుపాకీ లేనివాడు ఏ లెక్కలోకి వస్తాడయ్యా?" అన్నారు.

"ఇకమీదట ఆట మొదలెట్టే ముందు పదిమందికి ఒకణ్ని కడుపు జాడ్యం కింద తీసి వీడి పక్కన పడుకోబెడదాం. పాచిక లేదు, ఏమీ లేదు. ఊరికే."

"అలాగైతే ఆటేముంది?"

"ఉండదు" అన్నారు జకరయ్య గారు.

ఫ్రాన్సిస్ గారు చాలా వారాలు రాలేదు. తరువాత వచ్చినా ఇద్దరూ కాఫీ తాగి, పాత రైళ్ల సంగతులు చెప్పుకుని లేచేవారు. బల్ల మీద దుమ్ము పేరుకుంది. నేను దాన్ని తుడవలేదు, ఆయన తుడవమనలేదు. ఆయనకు ఉన్న ఒక్క సంతోషం నా మూలంగా పోయిందని నాకు తెలుసు.

రెండేళ్లకు ఆయన కడుపు ఉబ్బి మంచాన పడ్డారు. మిషను ఆసుపత్రి డాక్టరు ఇంటికే వచ్చి చూసేవారు. ఒక రోజు చూసి బయటికి వచ్చి, ఇంట్లో ఇంకెవరూ లేరు కనుక నాతోనే చెప్పారు. వారం దాటడం కష్టం, ఆయనకు మాత్రం చెప్పొద్దన్నారు. ఆ మధ్యాహ్నం ఫ్రాన్సిస్ గారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. "క్రిస్మసుకు లేచి తిరుగుతావు. ఈసారి నీ రూలు ప్రకారమే ఆడతాను, పదికి ఒకణ్ని తీసేస్తాను, సరేనా?" అన్నారు. జకరయ్య గారి మొహం వెలిగింది. పెట్టెల్లో ఏ పట్టాళాన్ని ముందు తియ్యాలో కూడా ఇద్దరూ అనుకున్నారు.

ఫ్రాన్సిస్ గారు వెళ్లాక జకరయ్య గారు నన్ను పిలిచారు. "డాక్టరు నీతో ఏమన్నాడు?"

నేను దిండు సర్దుతున్నాను. నాకు ఊరుకునే వీలుంది. నీళ్లు తెస్తానని బయటికి పోవచ్చు.

"లేవరన్నాడండీ. వారం కూడా కష్టమన్నాడు."

ఆయన నన్ను చూశారు. కోపం లేదు. తల ఊపి, "పాస్టరు గారికి కబురు పెట్టు" అని గోడ వైపు తిరిగారు. ఆ తరువాత నాలుగు రోజులు ఉన్నారు. ఆ నాలుగు రోజుల్లో సిపాయిల పేరెత్తలేదు. ఫ్రాన్సిస్ గారు సమాధి దగ్గర నా పక్కన నిలబడి, "ఆ నాలుగు రోజులూ ఆశతో ఉండేవాడు కదమ్మా. ఎందుకు చెప్పావు?" అన్నారు. సిపాయిల పెట్టెలు ఆయనే తీసుకెళ్లారు.

అడిగినవాళ్లకు నేను ఎప్పుడూ ఒకటే చెప్పాను, మనిషికి తన కాగితం పూర్తిగా వినే హక్కు ఉంది, అది నాకు ఆయన తప్పు వల్లే తెలిసింది అని. అది నిజమే. కానీ ఆ మాట నా నోట్లోంచి వస్తున్నప్పుడు, గుప్పెడు ఆశతో ఉన్న ఆ మొహం వాడిపోవడం చూస్తున్నప్పుడు, నా కడుపు చల్లబడింది. ఒక్క క్షణం. నన్ను మనిషిని చేసిన ఆయనకు ఆఖరి నిజం చెప్పింది నా న్యాయమో, ఆ మూడేళ్ల కక్షో, నాకు ఇప్పటికీ తేలలేదు.