బియ్యం డబ్బాలో ముంత

ఈ సాయంత్రం కుక్కర్లోకి బియ్యం కొలుస్తుండగా మాన్వి ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. అక్కడి ఆసుపత్రి ఎదురుగా రోగుల తాలూకు వాళ్ళకి ఉచితంగా అన్నం పెట్టే మన షెడ్డును ఈ నెలాఖరుకి మూసేస్తారట. "అందరూ పుట్టినరోజులకే డబ్బు పంపిస్తున్నారే. మిగతా రోజుల్లో ఎవరూ పుట్టరేమో మరి" అని నవ్వబోయి, నవ్వు రాక ఫోన్ పెట్టేసింది. పాప రెండు ముద్దలు తిని మూతి తిప్పుకుని పడుకుంది. ఒళ్ళు వెచ్చబడిందేమోనని మాటిమాటికీ దాని నుదుటి మీద చెయ్యేసి చూసుకుంటూ, నిద్ర పట్టక, రాయచూరులోని ఈ అద్దె ఇంటి వంటగదిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

నా ఈడు వాళ్ళకి, ముఖ్యంగా కాలవ కింద క్యాంపుల్లో పెరిగిన వాళ్ళకి, ఇంటింటా ఉండే ఆ ముంతలు గుర్తుండే ఉంటాయి. కోస్తా నుంచి వచ్చిన మా తాతల తరం జవళగేర దగ్గర పొలాలు కొనుక్కుని కట్టుకున్న చిన్న ఊరే మా క్యాంపు. తాతయ్య మాన్వి ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చున్న నాయనమ్మకి, రోగికి పాలో రొట్టో దొరికినా రోగిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకి ఏమీ దొరకదని తెలిసొచ్చింది. తాతయ్య కోలుకుని ఇంటికొచ్చాక ఆవిడ క్యాంపులో ప్రతి వంటింట్లో ఒక ముంత పెట్టించింది. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం అందులో వెయ్యాలి. శనివారం సాయంత్రం ఆవిడ సంచి పట్టుకుని తిరిగేది, నేను వెనకాల తోకలా తిరిగేదాన్ని, ఆదివారం ఆ మూట మాన్వి బస్సెక్కి షెడ్డుకి చేరేది. పప్పూ నూనే ఆ ఊళ్ళో వర్తకులు చూసుకునేవారు, బియ్యం మాత్రం మా క్యాంపుది.

షెడ్డులో వండే ఆవిడది గిల్లేసూగూరు, మేమంతా పెద్దవ్వ అనేవాళ్ళం. మా మూట విప్పిన ప్రతిసారీ ఆవిడ నెత్తి కొట్టుకునేది, ఎందుకంటే అందులో ఒకరింటి పాత బియ్యం, ఒకరింటి కొత్త బియ్యం, ఇంకొకరి కోటా బియ్యం అన్నీ కలిసిపోయి, సగం ముద్దయ్యేసరికి సగం పలుకుగానే ఉండేవి.

"ఏందమ్మా, గిట్ల తెస్తే ఎట్ల వండాలె? ఒక్క గిన్నెల నాలుగూర్ల బియ్యమున్నయి."

"తినేవాళ్ళు మాత్రం ఒక ఊరి వాళ్ళేంటే? వండు" అనేది నాయనమ్మ.

పైకి అలా అన్నా, పెద్దవ్వ మాట ఆవిడకి గుచ్చుకుంటూనే ఉండేదనుకుంటాను. అందుకే మాకు చిన్నాన్న వరసయ్యే రైసుమిల్లు ఆయన, నెల నెలా కావలసిన బియ్యమంతా ఒకే రకం తనే పంపిస్తానన్నప్పుడు అందరికంటే ముందు సంబరపడింది ఆవిడే. ఆ తర్వాత షెడ్డులో అన్నం మల్లెపూలలా ఉండేది, పెద్దవ్వ కూడా సణగడం మానేసింది. శనివారం తిరుగుడు ఆగిపోయింది. మా ఇంటి ముంతలోకి చింతపండు చేరింది, పక్కింటి ముంతలో కోడిగుడ్లు పెట్టుకున్నారు. ఎవరికీ ఏదో పోయిందనిపించలేదు.

ఆ తర్వాత ఒక ఏడు రెండో పంటకి కాలవలో నీళ్ళు రాలేదు. వడ్లు లేక మిల్లు ఆగిపోయింది. చిన్నాన్న మా అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు, నాయనమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చింది. మర్నాడు సంచి పట్టుకుని బయల్దేరింది. ఇవ్వనన్నవాళ్ళు లేరు గానీ పిడికెడు అలవాటు చేతులకే పోయింది. "అత్తయ్యా, ఓ బస్తా పట్టుకెళ్ళండి, ఎలాగో సర్దుకుంటాం. రోజూ గుర్తుపెట్టుకోవడం మాత్రం నా వల్ల కాదు" అంది ఒకావిడ. బస్తా అయితే నెల తిరక్కుండా అయిపోతుందని, మళ్ళీ అడిగితే ఇచ్చినావిడకీ ఇబ్బందేనని నాయనమ్మకి తెలుసు.

అప్పుడు ఆవిడ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ముంతల్ని గూట్లోంచి దించి, ఇంటింటా బియ్యం డబ్బాలోనే, బియ్యం మీదే కూర్చోబెట్టింది. ముంత పక్కకి తీస్తే గాని బియ్యం చేతికి రావు, చేతికి తగిలాక ఖాళీగా పక్కన పెట్టాలంటే ఎవరికైనా మనసొప్పదు. కోడళ్ళు విసుక్కున్నారు, "మా డబ్బాలో మీ కాపలా ఏంటత్తయ్యా" అని ఎగతాళి చేశారు, కానీ పిడికెడు వేశారు. మొదటి మూట విప్పి పెద్దవ్వ, "మల్ల వచ్చినయి నాలుగూర్ల బియ్యం" అని తిడుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ వేసవంతా షెడ్డు ఒక్కరోజు కూడా ఆగలేదు.

నాయనమ్మ పోయాక, మేమంతా చదువులకీ కాపురాలకీ తలోదిక్కూ వెళ్ళాక, ఫోన్లోనే డబ్బు పంపే సౌకర్యం వచ్చింది. పుట్టినరోజుకి ఒక పూట అన్నం, షెడ్డు గోడ మీద పేరు, ఫొటో. నేనూ పాప మొదటి పుట్టినరోజుకి పంపాను, ఆ ఫొటో ఎంతో మురిపెంగా అందరికీ చూపించాను. క్యాంపులో ముంతలు ఎప్పుడు డబ్బాల్లోంచి బయటికొచ్చాయో నాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు.

ఇందాక లేచి, పాప పాల గ్లాసు ఒకటి కడిగి తుడిచి మా బియ్యం డబ్బాలో పెట్టి, పిడికెడు వేశాను. రోజూ వేస్తాను, ఆదివారం మాన్వి బస్సులో తీసుకెళ్ళి పిన్ని చేతికిస్తాను. షెడ్డు నిలబడుతుందో లేదో తెలియదు. ఈ వీధిలో ఎవరి తలుపు తట్టి అడగాలో, అడిగితే ఏమనుకుంటారో అని అప్పుడే నాకు గుబులుగా ఉంది. నాయనమ్మకి ఆ గుబులు ఉండేదో లేదో, ఉన్నా సంచి భుజాన వేసుకుంటే పోయేదేమో.

ఒక్క ఇంటి బియ్యం కదా, ఒకే రకం. అన్నం చక్కగా, మెతుకు మెతుకూ ఒకేలా ఉడుకుతుంది, వంక పెట్టేందుకు ఏమీ ఉండదు. సగం ముద్దగా సగం పలుకుగా ఉండే ఆ అన్నం కోసమే ఈ రాత్రి నాకింత బెంగ.