ఉప్పు బండి తెచ్చే కబురు

బందరు సముద్రం చూడాలని మా మేనత్తకు చిన్నప్పటి నుంచీ కోరిక. నూజివీడు నుంచి ఒక్క రోజు ప్రయాణం. కార్తీకంలో వెళ్దామంటే వరి కోతలు, మాఘంలో మామిడి పూత, వేసవిలో కాయ. సముద్రానికే వేరే పని లేనట్టుంది, ఎప్పుడూ అక్కడే ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవిలో, రసాలు ఇంకా కోతకు రాకముందు, నాన్న సరే వెళ్ళి రమ్మన్నాడు. తోడు నన్ను పంపాడు. ముసునూరు దగ్గర మేం కౌలుకు తీసుకున్న తోటలో నేను లేకపోయినా ఎవరికీ తెలియదని ఆయన ధైర్యం. అత్త సముద్రస్నానానికి ఒక చీర, ఇరుగుపొరుగుకు నీళ్ళు తేవడానికి రెండు చెంబులు మూట కట్టింది. పెట్రోలు బదులు బొగ్గు మంటతో నడిచే బస్సెక్కాం. మిట్ట వచ్చినచోటల్లా దిగి తోశాం. సగం పుణ్యం ఇక్కడే వచ్చేసింది, ఇంక వెనక్కి పోదామా అన్నాను. మసి పట్టిన మొహంతో అత్త నవ్వింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

హనుమాన్ జంక్షన్‌లో బందరు బస్సు సిద్ధంగా ఉంది. అత్త ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి చూసింది. నూజివీడు వైపు ఆకాశం నల్లబడుతోంది.

"గాలొచ్చేట్టుందిరా," అంది.

"రానీ అత్తా. మనం పోయి అడ్డం నిలబడతామా?"

"రాలిన కాయ ఏరొద్దూ? మీ నాన్నొక్కడే ఏం చేస్తాడు?"

"మరి సముద్రమో?"

"అది రాలదుగా," అని కాలు దించింది.

మేం తోట చేరేసరికి చెట్లకింద నేల కనబడలేదు, అంతా పచ్చికాయే. కూలీలతో కలిసి ఏరాం. ఒరుగులకని ముక్కలు కోశాం. వాటికి పట్టించే ఉప్పు బందరు నుంచే బండి మీద వచ్చింది. అత్త ఒక ఉప్పురాయి నోట్లో వేసుకుని కరిగేదాకా చప్పరించింది. నీళ్ళు తీసేసిన సముద్రం అన్నాను. అవునంది. హాస్యానికి అవుననేవాళ్ళతో వేగడం కష్టం.

ఆ తర్వాత ఏ వేసవీ కుదరలేదు. మూట మాత్రం విప్పలేదు, చెంబులు కావాలంటే పక్కింట్లో అడిగి తెచ్చుకునేది. ఉప్పు బండి వచ్చినప్పుడల్లా, పొరుగూళ్ళో ఉన్న చుట్టం సంగతి అడిగినట్టు బండి అతన్ని అడిగేది: "ఎట్టా ఉందయ్యా సముద్రం?"

"బానే ఉందమ్మా," అనేవాడు అతను, ఉప్పు కొలుస్తూ.

మొన్న వేసవిలో నేను ఊరుకోలేక, "మరి సముద్రం మా అత్త సంగతేమన్నా అడిగిందా?" అన్నాను.

బండి అతను నవ్వాడు. అత్త నవ్వలేదు. కుంచం పట్టుకుని, అతనేం చెబుతాడా అని అలాగే చూస్తోంది.