కొల్లేటి పడవకు ఉద్యోగమిచ్చాను

ఒక్క ఫారం నింపి, నీళ్ళ మీద ఉండాల్సిన పడవను తాడేపల్లిగూడెం తారురోడ్డు మీదికి తెప్పించిన ఘనత నాది. నవ్వుదురుగాని, ముందు వినండి.

అప్పుడు నేను అక్కడి యూనివర్సిటీ ఆఫీసులో కొత్త. ఏలూరు నుంచి రోజూ రైల్లో వెళ్ళేదాన్ని. ఇంకో వారంలో ప్రొబేషన్ పూర్తవుతుంది, సంతకం పెట్టాల్సింది రిజిస్ట్రారు గారు. సరిగ్గా అప్పుడే ప్రశాంతి అనే పరిశోధక విద్యార్థిని, కొల్లేట్లో పక్షుల్ని లెక్కపెట్టడానికి పడవ కావాలంది. నీళ్ళు తగ్గిపోతున్నాయి. వచ్చే వారం దాటితే పక్షులుండవు, పిల్ల ఏడాది కష్టం వృథా.

పడవ నడిపే పెద్దిరాజు గారు ఉద్యోగి అవుతారా, కాంట్రాక్టరు అవుతారా అన్నది నేను తేల్చాలి. రూలు తేలికే. ఎప్పుడు, ఎలా చెయ్యాలో మనం చెబితే ఉద్యోగి. తన సామానుతో తన పద్ధతిలో చేసుకుపోతే కాంట్రాక్టరు. పైవాళ్ళని అడగడం నామోషీ అనుకుని, ఫారం పట్టుకుని ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టాను.

"పని ఎప్పుడు మొదలెట్టాలో ఎవరు చెబుతారండి?"

"తమరేనమ్మగారూ. ఎప్పుడంటే అప్పుడేనండి."

"పడవ ఎటు పోవాలో?"

"తమరెటంటే అటేనండి. మధ్యలో నాదేముందండి."

"పడవ ఎవరిదండి?"

"తమరిదే అనుకోండి."

ఇంకేం కావాలి? 'యూనివర్సిటీ పడవ, యూనివర్సిటీ ఉద్యోగి' అని రాసేశాను. ఉద్యోగి పది గంటలకు వేలిముద్ర వెయ్యాలి, యూనివర్సిటీ సామాను ఆవరణలోనే ఉండాలి. ఆ రెండు ముక్కలతో ఆయనకు ఉత్తరం కూడా పంపాను.

సోమవారం ఉదయం ప్రశాంతి ఫోను. "మేడమ్, కొల్లేటి గట్టు మీదున్నానండి. పక్షులన్నీ వచ్చాయి. పడవే రాలేదు."

కిటికీలోంచి చూద్దును కదా, గేటు దగ్గర ట్రాక్టరు. ట్రక్కులో పడవ. పడవలో ఇస్త్రీ చొక్కాతో, చేతిలో గెడతో, పెళ్ళికొడుకులా పెద్దిరాజు గారు. ఎవరి రొట్టె అయినా విరిగితే నేతిలో పడుతుంది, నా రొట్టె కొల్లేట్లో పడింది.

రిజిస్ట్రారు గారు నా ఫారం చేతపట్టుకుని నాకంటే ముందే గేటు దగ్గరున్నారు.

"ఏవండీ, పడవ ఎటు పోవాలో నిజంగా మా అమ్మాయి చెబుతుందా?"

"అబ్బే, పాపం ఆవిడకేం తెలుసండి. గాలీ నీరూ చూసుకుని నేనే నడుపుతానండి."

"పడవ?"

"మా నాన్నదండి. అడిగారు కదాని మర్యాదకన్నాను."

రిజిస్ట్రారు గారు నావైపు తిరిగారు.

"ఈ పని ఇలా చెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండి."

"ఎవర్నైనా అడిగారా?"

"లేదండి. నా పద్ధతిలో నేనే..."

"అయితే ఈ ఫారం ప్రకారం ఇక్కడ కాంట్రాక్టరు మీరేనమ్మా."

వాచ్‌మన్ సహా అందరూ నవ్వారు. పెద్దిరాజు గారు మాత్రం మర్యాదకు నవ్వలేదు. ఆ పూటే కాంట్రాక్టరుగా మారి, ట్రాక్టరు వెనక్కి తిప్పించి, వారం తిరక్కుండా ప్రశాంతి లెక్క పూర్తి చేయించారు. నా ప్రొబేషన్ మాత్రం ఇంకో ఆర్నెల్లు సాగింది.

ఏలూరులో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియాల్సిన మర్యాదే అది. అందుకే ఆ సాయంత్రం రైలు కిటికీ పక్కన కూర్చుని, కుడిచెయ్యి చాచి ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట మా వైపు ఎవరైనా "తమరిదే అనుకోండి" అంటే, ఆ "అనుకోండి" కూడా ఫారంలో రాసి తీరతాను.