పాస్ కాని ఏనుగులు

సూరి చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్ర స్టిక్కర్ల చుట్ట ఒకటి ఉండేది. ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డుల తనిఖీ ఆయన పని. చుట్టూ గుండ్రటి ట్యూబ్‌లైటు ఉన్న భూతద్దం కింద బోర్డు పెట్టి, టంకం చుక్కలు ఒక్కొక్కటే చూసి, లోపం కనబడితే ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పడేసేవాడు. పక్క టేబుల్ నాది. నేను నలభై బోర్డులు చూసే వేళకి ఆయన పాతిక చూసేవాడు. ఎంచి చూస్తే మంచమెల్లా కంతలేనయ్యా అని నేనంటే, "ఎంచడానికే కదండీ మనల్ని ఇక్కడ కూచోబెట్టింది" అనేవాడు. తుని నుంచి వచ్చి పాతికేళ్ళు దాటినా ఆ 'అండీ' పోలేదు.

ఇల్లు మల్కాజ్‌గిరిలో. 1998లో ఒక ఆదివారం సికింద్రాబాద్ వెళ్ళే లోకల్ రైల్లో కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకుంటున్నాడు. హానిబాల్ గురించి. రెండు వేల రెండొందల ఏళ్ళ కిందట ఏనుగులతో మంచుకొండలు దాటొచ్చి రోము మీద పడ్డ కార్తేజ్ సేనాపతి అతను. ఎదురు సీట్లో ఉన్న మనిషి పుస్తకం అట్ట చూసి, "నా దగ్గర రోము సైన్యం ఉన్నదన్నా" అన్నాడట.

ఆ మనిషి తిరుమల్, గూడ్సు బండి గార్డు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాడు. పక్క క్వార్టరులోని ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఇచ్చిన చెక్కపెట్టె నిండా అంగుళం ఎత్తు సీసపు సిపాయిలు, రంగులతో సహా. బల్ల మీద రెండు సైన్యాలు నిలబెట్టి, టేపుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి యుద్ధం చేయాలి. నియమాల పుస్తకం తిరుమల్‌కి కంఠతా వచ్చు. లేనిదల్లా శత్రువు. సూరి అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. "కార్తేజ్ నేను తయారుచేస్తానండి. ఆర్నెల్లు చాలండి."

ఆర్నెల్లు ఆరేళ్ళయ్యాయి. కొంత తప్పు కార్తేజ్‌ది కూడా. రోము వాళ్ళు అందరూ ఒక్క తీరే. కార్తేజ్ సైన్యం అలా కాదు, ఊరూరా కిరాయికి తెచ్చిన జనం. లిబియా ఈటెలవాళ్ళు, స్పెయిన్ కత్తులవాళ్ళు, గళ్ళ లాగుల గాల్ జాతివాళ్ళు, కళ్ళెం లేకుండా గుర్రమెక్కే నుమిడియావాళ్ళు, పైన ఏనుగులు. సూరి నెట్ సెంటర్లో కూర్చుని విదేశీ క్యాటలాగులు ప్రింటు తీసుకొచ్చేవాడు. పార్సిల్ రాగానే సిపాయిలు ఇంట్లో ఉన్న రెండో భూతద్దం కిందికి వెళ్ళేవారు. ఒక కంపెనీ బొమ్మ ఇంకో కంపెనీ బొమ్మ కన్నా గోరంత పొడుగు, రిజెక్ట్. నుమిడియా గుర్రానికి కళ్ళెం పోతపోశారు, రిజెక్ట్. లిబియావాళ్ళకి సొంత నారకవచమా, చచ్చిన రోము సిపాయిల దగ్గర ఒలుచుకున్న ఇనప కవచమా అన్నది తేలడానికి ఒక వానాకాలం పోయింది. ఏనుగుల సంగతి సరే సరి. చెవులు చాటలంత ఉండే ఆఫ్రికా ఏనుగులు అడిగితే, చిన్న చెవుల మన దేశపు ఏనుగులు నాలుగు వచ్చాయి. నాలుగింటి కాళ్ళ కిందా ఎర్ర స్టిక్కర్లు పడ్డాయి. కోడిగుడ్డుకి ఈకలు పీకడం అంటారే, సూరి పీకిన ఈకలతో పరుపు కుట్టొచ్చు.

ఆ రోజుల్లో మా సెక్షన్లో కుర్ర ఇంజనీర్లు వారానికొకరు మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకి వెళ్ళిపోతూ సమోసాలు పంచేవారు. సూరి ఆ సమోసా తింటూ నాకు ఏనుగు చెవుల గురించి చెప్పేవాడు.

2002లో రైల్వేవాళ్ళు మామూలుగా చేసే కంటి పరీక్షలో తిరుమల్ ఫెయిలయ్యాడు. నీటికాసులు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోందనీ, చుక్కల మందు దాన్ని నెమ్మది చేస్తుందేగానీ పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. గార్డు పని నుంచి తీసి ఆఫీసులో వేశారు. "జెర జల్ది చెయ్యన్నా, కండ్లుండగనే నీ ఫౌజు చూస్తా" అన్నాడు తిరుమల్, నవ్వుతూనే.

ఎవరైనా అప్పుడు తొందరపడతారు. సూరి ఇంకా బిగించాడు. పాసైన లిబియావాళ్ళని కూడా మళ్ళీ భూతద్దం కింద పెట్టాడు. నాకు ఒళ్ళు మండి అడిగాను. "చూసేది ఒక్కసారైతే తప్పుండకూడదు కదండీ" అన్నాడు. ప్రేమే అది. ప్రేమకి కూడా ఇంత బుద్ధిలేకపోతే ఎలా అని నాకు ఇప్పటికీ కోపం.

2004 మొదట్లో తిరుమల్ భార్య సుమిత్ర ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. "అన్నా, పక్కకు చాయ పెడితే ఆయనకు కనవడతలేదు, చెయ్యి తగిలి ఒలకవోస్తుండు. తెచ్చేదుంటే ఇప్పుడే తెండ్రి." సూరి ఫోను పెట్టేసి చాలాసేపు బోర్డు ముట్టుకోలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే సైన్యమంతా అట్టపెట్టెల్లో పెట్టుకుని మెట్టుగూడ వెళ్ళాం. టేపు పట్టి కొలిచే మధ్యవర్తిని నేను. సూరి ఏనుగుల కాళ్ళ కింది స్టిక్కర్లు గోటితో గీకి, వాటిని కూడా వరసలో నిలబెట్టాడు. పాస్ కాని సరుకు ఆయన చేతి మీదుగా బయటికి రావడం నేను చూడటం అదే మొదటిసారి. నాలుగడుగుల బల్ల నిండింది. నిజం చెప్పాలంటే ఆ సైన్యం అద్భుతంగా ఉంది. సూరి తిరుమల్ మొహం వైపే చూస్తున్నాడు.

తిరుమల్ మెడ ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పాడు, చిన్నక్షరాల ఉత్తరం చదువుతున్నట్టు. "మంచిగున్నయన్నా. ఒక్కొక్కడు సాఫ్‌గ కనవడుతుండు" అన్నాడు. మెడ మళ్ళీ ఒకసారి తిప్పి, "అందరు ఒక్కపారి కనవడతలేరు" అన్నాడు.

ఆరేళ్ళుగా సూరి కూడా వాళ్ళని ఒక్కొక్కడినే చూశాడు. సైన్యంగా చూడటం ఆయనకీ అదే మొదలు. "రెండేళ్ళ కిందట తేవాల్సిందండి. తప్పు నాదండి" అన్నాడు.

"తెచ్చినవ్ గద. షురూ చెయ్," అన్నాడు తిరుమల్.

హానిబాల్ చేసినట్టే సూరి మధ్యలో కాలిబంటుల్ని వెనక్కి తగ్గించి, గుర్రాల్ని రెండు వైపుల నుంచీ తిప్పాలనుకున్నాడు. తీరా గుర్రం మీద చెయ్యి వేసి ఆగి, "మీ ఎడం పక్కకి వస్తున్నానండి" అన్నాడు.

"చెప్పకన్నా. రోము వాళ్ళకు ఎవరు చెప్పిన్రు," అన్నాడు తిరుమల్. పాచికల కోసం చెయ్యి చాచాడు. మోచెయ్యి ఎడం పక్కనున్న గుర్రాలకి తగిలింది. నుమిడియా రౌతు ఒకడు బల్ల అంచు మీదుగా గచ్చు మీద పడ్డాడు. ఏ గుర్రానికైతే పోతపోసిన కళ్ళెం గీకి తీసేయడానికి సూరికి తొమ్మిది రోజులు పట్టిందో ఆ గుర్రమే. ముందు కాలు విరిగింది, రౌతు చెయ్యి ఊడింది.

తిరుమల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏమన్న ఇరిగిందా అన్నా?"

సూరి వంగి ముక్కలు ఏరాడు. కళ్ళజోడు పైకి తోసి వాటిని చూశాడు, అలవాటు కదా. తర్వాత వాటిని చొక్కా జేబులో, ఎర్ర స్టిక్కర్ల పక్కన వేసుకున్నాడు.

"ఏం లేదండి, అన్నీ బానే ఉన్నాయి" అన్నాడు. "మీ వంతండి."

ముప్పై ఏళ్ళ తనిఖీలో సూరి ఇచ్చిన తప్పుడు రిపోర్టు అదొక్కటే. మధ్యవర్తిని నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు.